ఒక లింక్ తీసేస్తే అరిగిన చైన్ బాగవుతుందా?

సైకిలు తొక్కేవాళ్ళ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "చైన్ సాగితే ఒక లింక్ తీసేయండి, నూనె వేయండి. చైన్ తిరిగే చక్రాల పళ్ళు బాగుంటే ఇంకేం చూడక్కర్లేదు. తెగేదాకా కొత్త చైన్ దండగ." ఈ మాట నమ్మి నష్టపోయినవాణ్ణి నేను. అందుకే ఒక్కొక్కటీ విప్పి చెప్తాను.

ముందు "సాగడం" సంగతి. మనం తొక్కే బలానికి ఉక్కు రేకులు సాగవు. అరిగేది పిన్ను, అది తిరిగే చోటు. పాత చైన్‌లోంచి ఒక పిన్ను బయటికి తీసి గోటితో నెమ్మదిగా రాసి చూడండి, ఒకవైపు సన్నటి గాడి తగులుతుంది. కొత్త చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 1 శాతం అరిగితే ఒక్కో లింక్ పెరిగేది సగటున 0.127 మిల్లీమీటర్లే. కానీ 112 లింకుల చైన్‌లో అదంతా కలిసి 14 మిల్లీమీటర్లు దాటుతుంది. మనం సాగిందనుకునేది ఇదే.

ఇప్పుడు లింక్ తీశారనుకోండి. వదులు పోతుంది, కానీ మిగిలిన లింకుల్లో ఆ అరుగుదల అలాగే ఉంటుంది. పళ్ళు మాత్రం అర అంగుళం లెక్కకే కోసి ఉంటాయి. రెండూ పొసగక చైన్ పళ్ళ పైకి ఎక్కుతుంది, భారమంతా కొన్ని పళ్ళ మీదే పడుతుంది, అవి కొక్కేల్లా అరుగుతాయి. గేర్ల సైకిలుకైతే ఇంకో ముప్పు: ముందూ వెనకా పెద్ద పళ్ళ చక్రాల మీదికి మార్చినప్పుడు పొట్టి చైన్ చాలక డీరైలర్ (చైన్‌ని ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదాని మీదికి మార్చే భాగం) వంగిపోవచ్చు. గేర్లు లేని సైకిలుకి వదులే సమస్యయితే, మామూలుగా వెనక చక్రాన్ని కాస్త వెనక్కి జరిపి బిగిస్తే సరిపోతుంది.

నూనె అరుగుదలని నెమ్మదింపజేస్తుంది, అరిగినదాన్ని తిరిగి తేలేదు. అదీ శుభ్రం చేసిన చైన్‌కే. దుమ్ము మీద నూనె పోస్తే రెండూ కలిసి సానపట్టే ముద్దలా మారి పిన్నుల్ని ఇంకా త్వరగా తినేస్తాయి. నూనె రోలర్ల (పిన్నుల చుట్టూ తిరిగే చిన్న గొట్టాల) లోపలికి దిగాలి, పైన మిగిలింది గుడ్డతో తుడిచెయ్యాలి.

"పళ్ళు చూస్తే తెలిసిపోతుంది" అన్నది నన్ను బాగా దెబ్బతీసిన మాట. గేర్ల చక్రాల్లో కొన్ని పళ్ళని చైన్ తేలిగ్గా మారడానికి కావాలనే పొట్టిగా, వంకరగా కోస్తారు. కొత్తవే అరిగినట్టు కనిపిస్తాయి, అరిగినవి బాగున్నట్టు కనిపిస్తాయి. నావి బాగానే కనిపించాయి. కొత్త చైన్ వేసి ఎత్తు ఎక్కుతూ లేచి నిలబడి తొక్కగానే చైన్ జారి మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది.

కళ్ళతో కాదు, అంగుళాల టేపుతో చూడాలి. పెడల్ మీద కొంచెం బరువు పెట్టి చైన్ బిగువుగా ఉంచండి. టేపు కొస కాస్త కదులుతుంది కాబట్టి 1 అంగుళం గీతని ఒక పిన్ను మధ్యలో పెట్టండి. అక్కణ్ణుంచి 24వ పిన్ను మధ్య సరిగ్గా 13 అంగుళాల గీత దగ్గరుంటే చైన్ కొత్తదానితో సమానం. ఆ గీతని అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు దాటితే అరుగుదల అర శాతం. ఎనిమిదో వంతు దాటితే 1 శాతం మించింది, వెనక పళ్ళు కూడా పోయి ఉండొచ్చు. వెనక 11, 12 పళ్ళ చక్రాలున్న సైకిళ్ళకి 0.5 శాతం దగ్గర, 10 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాటికి 0.75 దగ్గర చైన్ మార్చడం మంచిది. ఒకే గేరు ఉన్న సైకిలుకి 1 శాతం దాకా ఆగొచ్చు.

ఇక "తెగేదాకా". పాత చైన్, పాత పళ్ళు కలిసి అరుగుతాయి కాబట్టి చప్పుడు లేకుండా నడుస్తూనే ఉంటాయి. అందుకే ఈ మాట నిజమనిపిస్తుంది. అన్నీ ఒకేసారి మార్చడానికి సిద్ధపడి, చైన్ జారడం మొదలవగానే ఆపేస్తానంటే అదొక పద్ధతే, నేను కాదనను. కానీ వేళకి చైన్ ఒక్కటే మారిస్తే ఒకే క్యాసెట్ (వెనక ఉండే పళ్ళ చక్రాల గుత్తి) మీద రెండు మూడు చైన్లు నడవొచ్చు.

కొత్త చైన్ వేశాక రద్దీ లేని చోట, సీటు మీద కూర్చునే, ఎక్కువగా వాడే గేర్లో పెట్టి గట్టిగా తొక్కి చూడండి. ముందుగా చూడాల్సింది చిన్న పళ్ళ చక్రాలు: పళ్ళు తక్కువ కాబట్టి అవి త్వరగా అరుగుతాయి. ఏ గేర్లో జారితే ఆ చక్రం మార్చాల్సిందే.