అట్ట మీది హక్కులు

బ్రిటన్‌లో మానవ హక్కులను కాపాడే పని ఒక్క వాక్యంతో అయిపోతుంది. 1998 నాటి మానవ హక్కుల చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ బిల్లు పెట్టే మంత్రి సెకండ్ రీడింగ్‌కు (బిల్లుపై సభలో జరిగే తొలి ప్రధాన చర్చకు) ముందే రాతపూర్వకంగా మాట ఇవ్వాలి: 'ఈ బిల్లులోని నిబంధనలు ఒప్పందంలోని హక్కులకు అనుగుణంగా ఉన్నాయని నా అభిప్రాయం.' ఒప్పందమంటే యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం. ఈ వాక్యాన్ని బిల్లు అట్ట మీదే అచ్చేస్తారు. ఎందుకు అనుగుణమో అక్కడ చెప్పనక్కర్లేదు. ఆ తంటాలేవో లాయర్లు వేరే మెమోరాండంలో పడతారు, పార్లమెంటు సంయుక్త మానవ హక్కుల కమిటీ ఓపిగ్గా చదువుకుంటుంది.

ఎంత నమ్మకం ఉంటే సంతకం పెట్టొచ్చు? కోర్టులో ఓడేదానికన్నా గెలిచే అవకాశం కాస్త ఎక్కువుంటే చాలు. దీనికి 51 శాతం లెక్క అని పేరు. 35కే పాసయ్యే మన ఇంటర్ పిల్లలతో పోలిస్తే కఠినమైన పరీక్షే. కాకపోతే పేపరు దిద్దుకునేది కూడా మంత్రిగారే.

బిల్లు రెండో సభకు వెళ్తే అక్కడి మంత్రి మళ్లీ ఓ మాట ఇస్తారు. ఆ తర్వాత దూర్చే సవరణలకు ఆ లాంఛనం లేదు. సభ్యులు సొంతంగా పెట్టే బిల్లులకు అసలే లేదు.

ఇక సంతకానికి మనసొప్పని మంత్రుల కోసం 19(1)(బి) ఉంది: 'అనుగుణమని చెప్పలేను, అయినా సభ ఈ బిల్లును ముందుకు తీసుకెళ్లాలని ప్రభుత్వం కోరుతోంది.' శరణు కోరి వచ్చినవారిని రువాండాకు పంపే పథకం చెల్లదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2023 నవంబర్ 15న తేల్చింది. మూడు వారాలు తిరగ్గానే, రువాండా సురక్షిత దేశమేనని అందరూ భావించి తీరాలంటూ అప్పటి హోంమంత్రి జేమ్స్ క్లెవర్లీ బిల్లు తెచ్చారు, ఈ వాక్యంతోనే. 2024 ఏప్రిల్‌కల్లా అది చట్టం.

అయితే (బి) రాసినంత మాత్రాన ఓడిపోతారని బెంగపడక్కర్లేదు. టీవీ, రేడియోల్లో రాజకీయ ప్రకటనల నిషేధం గురించి 2002లో అప్పటి సాంస్కృతిక మంత్రి టెస్సా జోవెల్ 'చెప్పలేను' అన్నారు. 2013లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 9-8 తేడాతో ఆ నిషేధంలో ఉల్లంఘనేమీ లేదని తేల్చింది.

ఇక 19(1)(ఎ), అంటే 'అనుగుణమే' అన్న మొదటి వాక్యం, రాసినవారి సంగతి చూద్దాం. ఉగ్రవాదులని అనుమానించిన విదేశీయులను విచారణ లేకుండా నిర్బంధించే 2001 బిల్లుకు అప్పటి హోంమంత్రి డేవిడ్ బ్లంకెట్ అనుగుణమనే రాశారు. ముందుజాగ్రత్తగా, స్వేచ్ఛా హక్కుకు సంబంధించిన 5వ అధికరణ నుంచి ప్రభుత్వం తనకు తానే మినహాయింపు ఇచ్చుకుంది. 2004 డిసెంబర్ 16న అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు 8-1తో ఆ మినహాయింపును కొట్టేశారు, నిర్బంధ నిబంధన హక్కులకు అనుగుణం కాదని ప్రకటించారు. అలా ప్రకటించినంత మాత్రాన అక్కడ చట్టం రద్దవదు కాబట్టి ఖైదీలు లోపలే ఉన్నారు. 2005 మార్చిలో దాని స్థానంలో, జైలుకు బదులు అనుమానితుల కదలికలపై ఆంక్షలు పెట్టే కంట్రోల్ ఆర్డర్ల చట్టం వచ్చింది. ఆ బిల్లు అట్ట మీదా (ఎ) వాక్యమే.