రక్తం చిందనిదే క్షమాపణ లేదా?

"రక్తము చిందింపకుండ పాపక్షమాపణ కలుగదు." సువార్త కరపత్రాల్లో, సభల్లో తరచూ వినే ఈ మాట హెబ్రీయులకు రాసిన పత్రిక 9:22 లోది. యేసు మన శిక్ష భరించి రక్తం చిందిస్తే తప్ప దేవుడు క్షమించలేడన్న బోధకు దీన్నే ఆధారంగా చూపుతారు. బైబిలు తెరిచి చూస్తే వాక్యం అక్కడితో ఆగదు. "సామాన్యముగా చెప్పవచ్చును" అని ముగుస్తుంది. గ్రీకు మూలంలోనూ "దాదాపు" అనే మాట ఉంది. కరపత్రం అచ్చయ్యేసరికి ఆ మినహాయింపే ఎగిరిపోతుంది.

మినహాయింపు ఎందుకో లేవీయకాండం 5:11 చెబుతుంది. గొర్రెకో మేకకో స్తోమత లేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవీ దొరక్కపోతే తూమెడు గోధుమపిండిలో పదో వంతు, అంటే సుమారు రెండు లీటర్ల పిండి తెస్తే చాలు. నూనె పోయకూడదు, సాంబ్రాణి వేయకూడదు. యాజకుడు పిడికెడు తీసి బలిపీఠం మీద కాలుస్తాడు, పాపం క్షమించబడుతుంది. పేరుకు అది పాపపరిహారార్థబలే, కానీ రక్తం చుక్కైనా లేదు. ఇవన్నీ తేలిక తప్పులకే కదా అనొచ్చు. తెలిసి తెగించి చేసిన పాపానికైతే సంఖ్యాకాండం 15:30 అసలు బలే చూపించదు, ఆ మనిషిని జనంలోంచి కొట్టివేయమంటుంది.

ఇక ప్రాయశ్చిత్త దినం, అంటే ఏడాదికోసారి జనమంతటి పాపాల కోసం జరిపే ఆచారం. లేవీయకాండం 16లో మేకలు రెండు. చీట్లు వేసి ఒకదాన్ని బలికి, రెండోదాన్ని విడిచిపెట్టడానికి కేటాయిస్తారు. మొదటి మేకను వధించి, దాని రక్తాన్ని కరుణాపీఠం (మందసం మూత) మీదా, దాని ముందూ ప్రోక్షిస్తారు. అక్కడ శుద్ధి అవుతున్నది మనిషి కాదు, జనం అపవిత్రత అంటిన పరిశుద్ధస్థలం (16:16). పాపి ఒంటిమీద ఆ రక్తం పడదు. యాజకుడు రెండు చేతులూ తలమీద ఉంచి జనుల పాపాలన్నీ ఒప్పుకొనేది రెండో మేక మీద. దాన్ని ప్రాణాలతోనే ఎడారికి తోలేస్తారు. కొండమీంచి తోసేవారన్న వివరం తర్వాతి కాలపు యూదు ధర్మగ్రంథం మిష్నాలో ఉంది, లేవీయకాండంలో లేదు. అంటే చచ్చిన మేక పాపాలు మోయలేదు, పాపాలు మోసిన మేకను చంపమని రాయలేదు. "యేసు మన పాపాలు మోసి మన శిక్షగా చనిపోయాడు" అన్న సూత్రం ఈ రెండు మేకల్నీ కలిపి ఒకటి చేస్తే తప్ప పుట్టదు.

తెలుగులో మరో చిక్కు ఉంది. హీబ్రూ "కిప్పేర్"కు కప్పడం, తుడవడం అన్న అర్థాలు చెబుతారు. దానికి మన అనువాదకులు ప్రాయశ్చిత్తం అనే మాట పెట్టారు. మన వాడుకలో ప్రాయశ్చిత్తం చేసుకొనేది తప్పు చేసినవాడే. చాంద్రాయణ వ్రతంలో ముద్దలు తగ్గించుకుంటూ పోయేది వాడి కడుపే. ఇంకొకరు చేసిపెట్టే ప్రాయశ్చిత్తం అనేసరికి చెవికి ఎక్కడో తడుతుంది. ఆ తట్టడం భాషా సమస్య మాత్రమే కాదు.

పాత క్రైస్తవ పండితులకూ అది తట్టింది. యేసు తన ప్రాణాన్ని "విమోచన క్రయధనం"గా ఇస్తాడని మార్కు 10:45 అంటుంది. అది ఎవరికి చెల్లించినట్టు? సాతానుకని 3వ శతాబ్దపు పండితుడు ఓరిగెన్ అన్నాడు. 4వ శతాబ్దంలో నజియాంజసు గ్రెగొరీ దాన్ని ఒప్పుకోలేదు: దొంగకు క్రయధనమా? పోనీ తండ్రికే అందామంటే, అబ్రాహాము అర్పించబోయిన ఇస్సాకునే వద్దన్న దేవుడు సొంత కొడుకు రక్తానికి సంతోషిస్తాడా? 1098లో ముగించిన గ్రంథంలో కాంటర్‌బరీ ఆర్చిబిషపు అన్సెల్ము జవాబు మార్చాడు: పాపం వల్ల దేవుని గౌరవానికి లోటు వచ్చింది, దాన్ని పూడ్చాలి. ప్రభువు పరువుకు భంగమైతే పరిహారం కట్టాల్సిన జమీందారీ ఐరోపా వాసన అందులో గుప్పుమంటుంది. 16వ శతాబ్దంలో, న్యాయశాస్త్రం చదివిన ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విను చేతికి వచ్చేసరికి అది కోర్టు భాషైంది: గౌరవలోటు పోయి నేరం, శిక్ష వచ్చాయి. మన ఊళ్లలో వినిపించే ప్రసంగం చాలామటుకు ఈ చివరి రూపమే.

1594లో అచ్చైన గ్రంథంలో ఇటలీ పండితుడు సొసైనసు ఆ వాదాన్ని కీలు దగ్గరే పట్టుకున్నాడు. బాకీ ముట్టిందంటే క్షమించినట్టు కాదు, క్షమించారంటే ముట్టనక్కర్లేదు. కిరాణాకొట్టు పద్దు చూడండి. కొట్టువాడు కొట్టేస్తే మాఫీ, మీ బావమరిది కడితే వసూలు. ఒకే పద్దుకు రెండూ రాయడం కుదరదు. పైగా జరిమానా ఎవరైనా కట్టొచ్చు, జైలుశిక్ష ఇంకొకరు అనుభవిస్తే చెల్లదు.

దీనికి గట్టి జవాబు ఒకటుంది: బలైనది మూడో మనిషి కాదు, దేవుడే తనమీద వేసుకున్నాడు అని. కొట్టువాడే జేబులోంచి తీసి గల్లాపెట్టెలో వేసుకున్నట్టన్నమాట. అందులో ప్రేమ కనిపించవచ్చు, నేను కాదనను. కానీ ఆ డబ్బు గల్లాలో పడేదాకా పద్దు కొట్టేయడం అసాధ్యమని ఎలా తేలింది?

యేసు చెప్పిన కథల్లో ఆ అసాధ్యం లేదు. మత్తయి 18లో రాజు మాఫీ చేసిన బాకీ 10,000 తలాంతులు. ఒక తలాంతు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. లక్షా అరవై వేల ఏళ్లకు పైబడిన కూలి అది. రాజు కనికరపడి వదిలేశాడు, ఎవరూ ముందుకొచ్చి కట్టలేదు. తప్పిపోయిన కుమారుడి కథలో కొవ్విన దూడను కోశారు, నిజమే, కానీ విందుకు.

తొలినాటి బిషపులు కూడిన నైసియా సభ (325) విశ్వాస ప్రమాణం "మన రక్షణ కొరకు" అని మాత్రమే చెప్పింది, ఎలాగో చెప్పలేదు. ప్రాచ్య ఆర్థడాక్సు సంఘాలు కాల్విను లెక్క లేకుండానే ఈస్టరు చేసుకుంటున్నాయి. కాబట్టి ఈ తర్కాన్ని ప్రశ్నిస్తే విశ్వాసాన్నే కూల్చినట్టని గగ్గోలు పెట్టనక్కర్లేదు. నిర్గమకాండం 32లో మోషే, జనం పాపం క్షమించకపోతే తన పేరే గ్రంథంలోంచి తుడిచేయమంటాడు. పాపం చేసినవాడి పేరే తుడుస్తానంటాడు దేవుడు.