‘తొలి మహిళ’ అని రాసేసి చేతులు దులుపుకుంటే ఎలా?

ఏటా మార్చి 8న ఒకసారి, నవంబరు 4న ఇంకోసారి నా ఫీడ్‌లో అదే పోస్టు తిరుగుతుంది. నీలం యూనిఫాం, ఛాతీ నిండా మెడల్ రిబ్బన్లు, పక్కన ‘తిరుపతిలో పుట్టిన తెలుగు బిడ్డ, భారత వైమానిక దళ తొలి మహిళా ఎయిర్ మార్షల్ పద్మా బందోపాధ్యాయ్‌కి సెల్యూట్’ అని. కింద వందల కొద్దీ జైహింద్‌లు, చప్పట్ల బొమ్మలు. అంతటితో సరి. మళ్లీ ఏడాది దాకా ఆమె ఊసు ఎవరికీ పట్టదు.

ముందు ఆ ‘తెలుగు బిడ్డ’ సంగతి తేల్చేద్దాం. 1944 నవంబరు 4న ఆమె పుట్టింది తిరుపతిలోనే, అందులో అనుమానం లేదు. కానీ వాళ్లది తమిళ కుటుంబం, పెరిగింది ఢిల్లీలో, పెళ్లి చేసుకున్నది బెంగాలీని. తిరుపతి వాళ్లు మా ఊళ్లో పుట్టిందని చెప్పుకుంటే ముచ్చటే. మనందరం మీద పడి మనదాన్ని చేసేసుకోవడం ఎందుకు? కొన్ని ఫార్వర్డుల్లో ‘దేశంలో త్రీస్టార్ హోదా అందుకున్న మొదటి మహిళ’ అని కూడా రాస్తున్నారు. అదీ తప్పే. 2004లో ఆమె కంటే కాస్త ముందు పునీతా అరోరా సైన్యంలో అదే త్రీస్టార్ హోదా అయిన లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. వైమానిక దళం వరకు తీసుకుంటే పద్మ గారే మొదటివారు. ఇది తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు, కానీ షేర్ నొక్కడానికి అర సెకను చాలు కదా!

నా అసలు బాధ ఇది కాదు. ఆ పోస్టుల్లో ‘తొలి’ అనే మాట నాలుగైదు సార్లు ఉంటుంది. సైనికాధికారులకు పై శిక్షణ ఇచ్చే వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో కోర్సు పూర్తి చేసిన తొలి మహిళా అధికారి, విమానయాన వైద్యంలో తొలి మహిళా స్పెషలిస్టు, ఉత్తర ధ్రువ ప్రాంతంలో పరిశోధన చేసిన తొలి భారతీయ మహిళ, వైమానిక దళంలో తొలి మహిళా ఎయిర్ కమడోర్, తొలి మహిళా ఎయిర్ వైస్ మార్షల్. సరే, ఇన్ని తొలిలు ఉన్నాయి. ఇంతకీ ఆవిడ చేసిన పనేంటి? ఆ పోస్టు షేర్ చేసినవాళ్లలో పది మందిని అడగండి, తొమ్మిది మంది ‘విమానం నడిపేవారు’ అంటారు. ఆమె పైలట్ కాదు, డాక్టర్.

డాక్టర్ కావాలని ఎందుకు అనుకున్నారో చూస్తే, చిన్నతనంలోనే తల్లికి క్షయ. మంచం పట్టిన అమ్మకు సేవ చేస్తూ పెరిగిన పిల్ల. ఢిల్లీలో గోల్ మార్కెట్ దగ్గర వాళ్లకు పొరుగున ఉన్నది ఎవరనుకున్నారు? డాక్టర్ ఎస్. పద్మావతి, మన దేశంలో తొలి మహిళా కార్డియాలజిస్టు. పేరూ ఇంచుమించు ఒకటే. కళ్లెదుట అలాంటి మనిషి రోజూ ఆస్పత్రికి వెళ్లి వస్తుంటే, ఆ పిల్ల ఆలోచన ఎటు పోతుందో వేరే చెప్పాలా? స్కూల్లో చదివింది ఆర్ట్స్. అటు నుంచి సైన్సుకు మారడం ఆ రోజుల్లో మాటలు కాదు. మారారు, కిరోడీమల్ కాలేజీలో ప్రీమెడికల్ చేశారు, 1963లో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో చేరారు. 1968కల్లా వైమానిక దళంలో ఉన్నారు.

1971 యుద్ధం నాటికి ఆమె పంజాబ్‌లోని హల్వారా స్థావరంలో ఉన్నారు. భర్త సతీనాథ్ కూడా వైమానిక దళ అధికారే, ఆయనదీ అక్కడే డ్యూటీ. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద విరుచుకుపడ్డాయి. సరిహద్దుకు దగ్గరగా ఉన్న హల్వారాకూ ఆ దెబ్బ తగిలింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. ఆ యుద్ధకాలపు సేవకు భార్యాభర్తలిద్దరూ ఒకే వేడుకలో విశిష్ట సేవా మెడల్ అందుకున్నారు. వైమానిక దళంలో అలా అందుకున్న మొదటి జంట వాళ్లే.

ఇక విమానయాన వైద్యం. ఆవిడ స్థాయి తెలియాలంటే దీని గురించి కాస్త ఓపిగ్గా చదవాలి.

ఫైటర్ విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు పైలట్ ఒంటి బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అరవై కిలోల మనిషి ఐదు జీ దగ్గర, అంటే మామూలు బరువుకు ఐదు రెట్ల దగ్గర, మూడు వందల కిలోలతో సమానం. నెత్తురు కాళ్లలోకి దిగిపోతుంది, గుండె దాన్ని తలదాకా ఎక్కించలేక సతమతమవుతుంది. ముందు దెబ్బ తినేది చూపు. రంగులు వెలిసిపోతాయి, చూపు అంచుల నుంచి మధ్యకు కుంచించుకుపోతుంది, ఆపైన అంతా చీకటి, ఇంకా లాగితే స్పృహే తప్పుతుంది. అప్పుడు కోట్ల రూపాయల విమానానికి డ్రైవర్ లేనట్టే. అది రాకుండా కాళ్లను, పొట్టను నొక్కిపట్టే సూట్లు ఎలా ఉండాలి, కండరాలు బిగపట్టి ఊపిరి ఎలా తీయాలి, ఏ శరీరం ఎంత తట్టుకుంటుంది, ఇదంతా ఈ డాక్టర్ల పని.

ఆక్సిజన్ తగ్గినప్పుడు జరిగేది ఇంకా విచిత్రం. శిక్షణలో పైలట్లను ఒక గదిలో కూర్చోబెట్టి, పాతిక వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు గాలి ఒత్తిడి తగ్గించి, మాస్కు తీయిస్తారు. చేతికి కాగితం, పెన్ను ఇచ్చి పేరు రాయమంటారు, చిన్నచిన్న తీసివేతలు చేయమంటారు. మొదటి వరుస ముత్యాల్లా ఉంటుంది. నాలుగో వరుసకి అక్షరాలు గీతల్లోంచి జారిపోతుంటాయి. లెక్క తప్పుతుంటుంది. మనిషి మాత్రం నవ్వుతూ ఉంటాడు, ‘నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను’ అంటాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది, తనకేదో అవుతోందని తనకే తెలియదు. నొప్పి ఉండదు, భయం ఉండదు, మూడు నుంచి ఐదు నిమిషాల్లో చేతులు పనికిరాకుండా పోతాయి. ఎవరికి ఏ లక్షణం ముందు కనిపిస్తుందో వాళ్లకే తెలిసేలా నేర్పించి పైకి పంపాలి.

మన దేశంలో ఈ విద్యకు కేంద్రం బెంగళూరులోని వైమానిక దళ ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ, 1957లో పెట్టారు. రాకేశ్ శర్మను అంతరిక్షానికి పంపే ముందు పరీక్షలు జరిగింది అక్కడే, గగన్‌యాన్ వ్యోమగాముల్ని ఎంపిక చేసిందీ అక్కడే. పద్మ గారు ఎంచుకున్నది ఈ రంగం. హాయిగా ఒక ఆస్పత్రిలో ఫిజీషియన్‌గా గడిపేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆమె ఆర్కిటిక్ దాకా వెళ్లి, అంత చలికి మన శరీరం ఎలా అలవాటు పడుతుందో చూశారు. 1984 నుంచి సియాచిన్‌లో సైన్యాన్ని నిలబెట్టుకున్న దేశానికి ఆ ప్రశ్న ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. పైలట్లు శత్రువు కంటే ఎక్కువ భయపడేది మెడికల్ పరీక్షకే. విమానం ఎక్కడానికి పనికొస్తావా లేదా అని తేల్చేది డాక్టరే. చెవిలో తేడా, వెన్నులో నొప్పి, ఈసీజీలో ఒక గీత, ఏదైనా చాలు, ‘ప్రస్తుతానికి నువ్వు ఎగరకూడదు’ అని కాగితం మీద రాస్తే, వాడు ఎంత మొనగాడైనా కింద కూర్చోవాల్సిందే. ఈ వైద్యసేవల మొత్తానికి, డైరెక్టర్ జనరల్‌గా, 2004లో పై అధికారి అయ్యింది ఆమె. ఎయిర్ మార్షల్ పైన సర్వీసులో ఉండే హోదా ఒక్కటే, వైమానిక దళాధిపతిది.

‘డాక్టరే కదా, యుద్ధం చేసిందా ఏంటి?’ అని ఆ పోస్టుల కిందే కొందరు మేధావులు రాస్తుంటారు. నాకు మండేది ఇక్కడే. వేరే దారి ఎక్కడ ఉంది బాబూ? ఆమె చేరిన కాలంలో ఆడవాళ్లకు సైన్యంలో ఉన్నవి నర్సు ఉద్యోగం, డాక్టరు ఉద్యోగం. మిగతా శాఖల తలుపులు తెరిచింది 1992లో. అదీ షార్ట్ సర్వీసు మాత్రమే. అయిదేళ్లన్నారు, పొడిగించి పొడిగించి పద్నాలుగేళ్లు చేశారు, ఆపైన ఇంటికి పొమ్మన్నారు. త్రీస్టార్‌కి ముప్పై అయిదేళ్లు పడుతుంది. పద్నాలుగో ఏట బయటికి పంపేసే ఉద్యోగంలో ఎవరు అంతదూరం వెళ్తారు? పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యే దాకా కొనసాగే అధికారి ఉద్యోగం, ఉన్న డాక్టర్లే వెళ్లగలిగారు. 2004 నుంచి 2024 దాకా త్రీస్టార్ దాకా వెళ్లిన ఆడవాళ్ల లెక్క తీయండి. పునీతా అరోరా, పద్మా బందోపాధ్యాయ్, మాధురీ కనిట్కర్, సాధనా సక్సేనా నాయర్, ఆర్తీ సరీన్, ఇలా అందరూ డాక్టర్లే. మిగతా శాఖల్లో సత్తా ఉన్న ఆడవాళ్లు లేకనా?

2020 జనవరిలో కేంద్రం ఆమెకు పద్మశ్రీ ప్రకటించింది, రిటైరైన పదిహేనేళ్లకు. బాగుంది. నెల తిరక్కుండానే, సైన్యంలోని మహిళా అధికారులు వేసిన కేసులో అదే కేంద్రం సుప్రీంకోర్టుకు ఒక నోట్ ఇచ్చింది. సైనికుల్లో ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చిన మగవాళ్లని, మహిళా అధికారుల కమాండ్‌ను ఒప్పుకునే మానసిక స్థితి వాళ్లకు ఇంకా రాలేదని అందులో వాదన. ఒక చేత్తో పతకం, ఇంకో చేత్తో ఆ కాగితం! పల్లెల నుంచి వచ్చిన మా మామయ్యలు, బాబాయిలు మాత్రం ఏం పాపం చేశారు, నింద వాళ్ల మీద వేశారు? ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదనను కొట్టేసింది, సైన్యంలో మహిళలకూ పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలంది, కమాండ్ పోస్టులకు అడ్డు ఉండకూడదంది. ఆ తీర్పు రాకపోతే 2023లో వంద మందికి పైగా మహిళలు కర్నల్ అయ్యేవారే కాదు. అది కూడా వాళ్లు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కితే వచ్చింది, ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

కాబట్టి వచ్చే మార్చి 8న ఆ ఫొటో పెట్టేవాళ్లు పెట్టుకోండి. కాకపోతే ‘తొలి’ పక్కన ఆమె చేసిన పని ఏంటో ఒక్క వాక్యం రాయండి. చోటు మిగిలితే ఈ లెక్క కూడా వేయండి. సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) నుంచి మొదటిసారిగా 17 మంది అమ్మాయిలు పాసై బయటికి వచ్చింది 2025 మే నెలలో. ఆపైన తమ దళం అకాడమీలో ఇంకో ఏడాది గడిపితేనే కమిషన్, అంటే అధికారిగా నియామకం. పద్మ గారికి చేరిన రోజు నుంచి ఎయిర్ మార్షల్ దాకా 36 ఏళ్లు పట్టింది. వాళ్లకూ అంతే పడితే, ఆ బ్యాచ్‌లో ఒక అమ్మాయి భుజం మీద ఆ హోదా కనిపించేది 2062లో.