రాయిని అడిగి రాడ్ కొనండి

గోదావరి డెల్టాలో సొంతంగా పుట్టిన రాయి అంటూ లేదు. ఉన్నదంతా ఒండ్రు. కాకినాడకు అడ్డంగా 16 కిలోమీటర్లు పడుకుని అలల్ని ఆపుతున్న హోప్ ఐలాండ్ కూడా ఇసకే. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్టకు ధవళేశ్వరం కొండ రాళ్లిచ్చింది. ఆ కొండ దాటాక సముద్రం దాకా కాలికి తగిలే రాయి ఏదైనా సరే, మనుషులు మోసుకొచ్చిందే. ఈ భౌగోళిక సత్యాన్ని పట్టించుకోకపోవడం వల్లే మన తీరంలో ఫిషింగ్ రాడ్లు అకాల మరణం పాలవుతున్నాయని నా నిశ్చితాభిప్రాయం.

కాలవ గట్టు మీద గాలం వేసేవాడి చెయ్యి జారితే రాడ్ బురదలో పడుతుంది. లుంగీ అంచుతో తుడుచుకుంటాడు, అయిపోయింది. అదే చెయ్యి ఉప్పాడ దగ్గర సముద్రానికి అడ్డంగా పోసిన రాళ్ల మీద జారితే టక్కుమని ఒక చప్పుడు. పైకి ఏమీ కనిపించదు. పాలిష్ మీద గోటి గీతంత మచ్చ. మనవాడు దాన్ని వేలితో రుద్ది, "ఏం పర్లేదండి" అని పక్కవాళ్లకు ధైర్యం చెబుతాడు. కార్బన్ రాడ్ అయితే లోపల పోగులు అప్పటికే తెగి ఉండొచ్చు. వచ్చే ఆదివారం సీసం గుండు కట్టి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరినప్పుడు, సరిగ్గా ఆ మచ్చ దగ్గరే రాడ్ విరుగుతుంది. పై సగం దారానికి వేలాడుతూ అలల్లో ఊగుతుంటుంది. సాయంత్రం టీకొట్టు దగ్గర మాత్రం, "ఏం చేపోనండీ, ఒక్క లాగు లాగింది, రాడ్ రెండు ముక్కలు!" ఇలా చేపల మీద బనాయించిన కేసుల్లో ఎక్కువ భాగం తప్పుడు కేసులే.

అసలు రోగం కొనేచోటే మొదలవుతోంది. సంక్రాంతికి పుంజు కొనబోయిన మనిషి అది కాకో డేగో నెమలో తేల్చుకుని, కాళ్లు తడిమి, రెక్క విప్పి, కంట్లో కన్ను పెట్టి చూసి, ఆ తర్వాత గానీ రేటు అడగడు. అదే మనిషి రాడ్ మాత్రం ఫోన్లో బొమ్మ చూసి, ఎర్ర రంగు బాగుందని ఆర్డర్ పెడతాడు. షాపుకెళ్తే అక్కడ ఇంకో గండం. కొట్టాయన రాడ్ కొసను సీలింగుకు ఆనించి వంచి, "ఎన్ని కేజీల చేపైనా ఆగుద్దండి" అంటాడు. ఎన్ని రాళ్లకు ఆగుద్దో ఆయనా చెప్పడు, మనమూ అడగం. కొందరైతే పులసకు సరిపడే రాడ్ ఉందా అని అడుగుతారు. పులస వరదనీటికి ఎదురీది గోదావరిలోకొచ్చి వలకు పడే చేప అని ఆ కొట్టాయనకు తెలీదా? తెలుసు. బేరం పోతుందని ఊరుకుంటాడు.

కాబట్టి విచారించాల్సింది రాయిని. రాయి ముందుగా అడిగేది, నువ్వు ఫైబర్‌గ్లాసువా, కార్బనువా అని. ఫైబర్‌గ్లాస్ బరువు. గంటసేపు పట్టుకుంటే భుజం లాగేస్తుంది, చేప కొరికిన కబురు చేతికి ఆలస్యంగా అందుతుంది. కానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది. కార్బన్ తేలిక, చురుకు, కోపిష్టి. రెండూ కలిపి చేసే కాంపోజిట్ రాడ్లున్నాయి, రాళ్ల మీద నా ఓటు వాటికే. కార్బన్‌తో ఇంకో గొడవుంది, దీన్ని మాత్రం వేళాకోళంగా చెప్పలేను. అది కరెంటును పారనిస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద మోటార్లకు లాగిన తీగలు ఎంత కిందకి వేలాడుతుంటాయో మీకు తెలుసు. ఆ దారిన పోయేటప్పుడు రాడ్‌ను రెండు ముక్కలుగా విడదీసి, కింద అడ్డంగా పట్టుకుని నడవండి. ఉరుము వినబడితే సామాను సర్దేయండి.

పొడవు విషయంలో మనవాళ్లది పెద్ద మనసు. ఇసక మీద నిలబడి, విరిగే అలల అవతలకి ఎర చేర్చాలంటే 13, 14 అడుగులు అవసరమే. రాళ్ల కట్ట కొసకి వెళ్లినవాడు అప్పటికే లోతు పక్కన ఉంటాడు. కాళ్ల కిందున్న గుల్లల అంచులకు దారం ఒరుసుకోకుండా ఎత్తిపట్టాలి, నాచు మీద తూలినప్పుడు రాడ్‌ను అదుపులో పెట్టుకోవాలి. 10, 11 అడుగులు చాలు. ఒకదాంట్లోకి ఒకటి దూరి మూసుకునే టెలిస్కోపిక్ రాడ్ బైక్ మీద తీసుకెళ్లడానికి ముచ్చటగా ఉంటుంది. కీళ్లలో ఇసక చేరాక తీసింది మూయలేరు, మూసింది తీయలేరు.

ఇక రింగులు. వీటిని చూసేవాడే లేడు. దారం పోయే రింగు లోపల పింగాణీలాంటి గట్టి పొర ఉంటుంది. రాయికి తగిలితే అందులో వెంట్రుకంత పగులు వస్తుంది, అది ప్రతి విసురుకీ దారాన్ని కోస్తూ పోతుంది. చెవిలో తిప్పుకునే దూది పుల్ల ఒకటి తీసుకుని ఒక్కో రింగు లోపలా తిప్పండి. ఎక్కడ దూది పీచు చిక్కుకుంటే అక్కడ దొంగ దొరికినట్టే. వారంవారం బైక్ చైన్‌కు ఆయిల్ పెట్టేవాళ్లు కూడా ఈ పని చెయ్యరు, ఎందుకో!

గుండు రాళ్ల సందులో ఇరుక్కుందంటే మాత్రం ప్రతివాడిలోనూ వీరుడు మేల్కొంటాడు. రాడ్‌ను నిటారుగా ఎత్తి, వెనక్కి వాలి, పళ్లు బిగించి గుంజుతాడు. వెనకాల ఎర కూడా కొనని సలహాదారులు నలుగురు చేరి, "ఇంకొంచెం లాగండి, వచ్చేత్తంది" అంటారు. వచ్చేది రాడ్ కొస. చెయ్యాల్సింది రాడ్‌ను దారం వైపే తిన్నగా చూపించి, చేతికి గుడ్డ చుట్టుకుని, దారాన్నే లాగడం. గుండును అసలు దారం కంటే బలహీనమైన ముక్కతో కట్టుకుంటే ఇంకా మంచిది. గుండు రాయికి పోతుంది, మిగతాది మీకు మిగులుతుంది. సీసంతో పోయేదాన్ని పరువుకు ముడిపెడితే ఎవరేం చేస్తారు?

ఇంటికొచ్చాక రాడ్‌ను మంచినీళ్లతో కడగాలి. ఉప్పు ఆరితే స్టీలు రింగుల మొదట్లో తుప్పు మొదలవుతుంది.

చివరగా ప్రభుత్వానికి ఒక విన్నపం. ఉప్పాడలో సముద్రం ఏళ్ల తరబడి ఊరినే కోసుకుపోతోంది. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల ముందు మా గాలాల గోల చిన్నదే, ఒప్పుకుంటాం. అయినా రాళ్లు ఎలాగూ పోస్తున్నారు, మళ్లీ పోస్తారు కూడా. ఈసారి టెండర్ పిలిచేటప్పుడు పదింట ఒక రాయికి రాడ్ నిలబెట్టుకునేంత కన్నం వేయించాలని షరతు పెట్టండి. కన్నాల లెక్క ఎవరు తనిఖీ చేస్తారని బెంగ అక్కర్లేదు. బిల్లు పాసయ్యేలోపు రాయే ఇసకలోకి దిగిపోతుంది.