చీమలు పట్టని చరిత్ర

మన దగ్గర చరిత్ర ఎందుకు నిలవట్లేదంటే పెద్దోళ్ళు ఏవేవో చెప్తారు, ఫండ్స్ లేవంటారు, పట్టించుకునే నాథుడు లేడంటారు. అవేం కాదండి. అసలు కారణం చీమలు. ఈ సిద్ధాంతం నేను లండన్లో నేల కింద మూడు చక్కెర ముక్కల ముందు నిలబడి కనిపెట్టాను, కావాలంటే ఎవరైనా పీహెచ్‌డీ చేసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

ఎంఎస్‌కని వచ్చి, వారం రోజులు మ్యాగీ తిని మిగిల్చిన డబ్బుల్తో చర్చిల్ వార్ రూమ్స్‌కి టికెట్ కొన్నా. ముప్పై పౌండ్ల పైనే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ప్రధాని చర్చిల్, ఆయన కేబినెట్ నేల కిందనుంచి యుద్ధం నడిపిన గదులివి, ఇప్పుడు మ్యూజియం. వైట్‌హాల్ అని, సర్కారు ఆఫీసులుండే చోట ట్రెజరీ బిల్డింగ్ కింద ఉంటుంది. 1939 ఆగస్టు 27న ఇందులో పని మొదలెట్టారు, వారం తిరిగేసరికి యుద్ధం ప్రకటించేశారు, ముహూర్తబలం అలాంటిది. కేబినెట్ ఇక్కడ 115 సార్లు కూర్చుందట. నెత్తిమీద బాంబులు పడతాయని కొన్నిచోట్ల ఐదడుగుల మందాన కాంక్రీట్ పోశారు, దాన్ని వాళ్ళు కూడా స్లాబ్ అనే అన్నారు. ఆ మాట వినగానే మా కాకినాడ మేస్త్రీ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

ఇంత ఖర్చుపెట్టి పడకగది కూడా కట్టిస్తే చర్చిల్ గారు అందులో పడుకున్నది మూడంటే మూడు రాత్రులు. బాంబులు పడుతుంటే చూద్దామని మేడెక్కేవాడట, మనవాళ్ళు వరదొస్తే బ్యారేజీ దగ్గరికి పోయినట్టు. కింద పనిచేసేవాళ్ళకి మాత్రం ఎండ మొహమే తెలీదు, బయట వాతావరణం ఎలా ఉందో ఒక బోర్డు చూసి తెలుసుకోవాలి, దానిమీద "గాలి ఎక్కువ" అనుంటే పైన బాంబులు గట్టిగా పడుతున్నాయని అర్థం. ఇంకో గదికి బాత్రూమ్ గొళ్ళెం ఉంటుంది, పాపం స్టాఫంతా అది ప్రధాని గారి సొంత టాయిలెట్ అనుకునేవారట. లోపల ఉన్నది అమెరికా ప్రెసిడెంట్‌తో మాట్లాడే సీక్రెట్ ఫోన్. మా హాస్టల్లో కూడా సీక్రెట్ ఫోన్లన్నీ బాత్రూంలోంచే నడిచేవి, మాకు మ్యూజియం ఎవరూ కట్టలేదు.

అసలు విషయానికొస్తా. మ్యాప్ రూంలో ఆరేళ్ళపాటు రాత్రీపగలూ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, 1945 ఆగస్టు 16న ఆపి ఎక్కడివక్కడ వదిలేసి వెళ్ళిపోయారు. ఆ టేబుల్ సొరుగులో ఒక కవరు, దానిమీద ఒక ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ పేరు, లోపల ఆయన రేషన్ చక్కెర, మూడు ముక్కలు. దశాబ్దాల తర్వాత దొరికాయి, అలాగే ఉన్నాయి. ఒక్క చీమ రాలేదండి! అదే కాకినాడలో అయితే తెల్లారేసరికి కవరు కూడా మిగలదు. చీమలు వదిలిపెడితే చెదలున్నాయి, చెదలు వదిలిపెడితే భోగి మంట ఉంది, మా తాత యుద్ధకాలం నాటి రేషన్ పుస్తకం అందులోనే పోయింది, "పాత చెత్త" అంది అమ్మ.

గోడమీద పెద్ద మ్యాప్, ఓడలు ఎక్కడున్నాయో గుండుసూదులు గుచ్చీ గుచ్చీ అట్లాంటిక్ అంతా చిల్లులు. 1942 ఏప్రిల్ 6న జపానోళ్ళు విశాఖ మీదా మా కాకినాడ మీదా బాంబులేశారు కదా, మా ఊరికీ ఒక సూది దక్కిందేమో చూద్దామని మెడ సాచాను, వెనకున్న స్కూల్ పిల్లలు తోసేశారు. 1943లో బెంగాల్ ఆకలితో చస్తుంటే, ధాన్యం పంపమని ఢిల్లీ నుంచి మొత్తుకుంటుంటే, అడిగినంత పంపడానికి ఓడలు ఖాళీ లేవంది ఇదే చర్చిల్ గారి కేబినెట్. ముప్పై లక్షల మంది దాకా పోయారు. ఓడలు నిజంగానే బిజీ, మ్యాప్‌కి అన్ని చిల్లులున్నాయి మరి. చక్కెర ముక్కలు మూడూ లెక్క తప్పకుండా దాచినోళ్ళు బియ్యం దగ్గర లెక్క ఎలా తప్పారండీ అని అడుగుదామనుకున్నా, ఆడియో గైడ్‌లో ప్రశ్నలకి బటన్ లేదు.

బయటికొచ్చి అమ్మకి వీడియో కాల్ చేశా. చక్కెర కథంతా చెప్పా, చరిత్ర గొప్పతనం వివరించా. టికెట్ ఎంతరా అంది. చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఆయనకి షుగరేమోరా, అందుకే దాచుకుని తింటున్నాడు. మీ నాన్న బెల్లం ముక్కలు బీరువాలో ఎల్ఐసీ కాయితాల కింద పెడతాడు, అయినా చీమలు చెప్పేస్తాయి నాకు."