మేనమామ పంచె మూడు చోట్ల తడిసిన వైనం

నల్లగొండలో ఒక ఇల్లు. ఆ రోజు 21వ దినం, పిల్లగాణ్ణి తొట్టెలలో వేస్తున్నారు. హైదరాబాద్ బస్సు దిగిన అల్లుడి చేతిలో పెద్ద పార్సిల్ ఉంది. నిండా బట్ట డైపర్లు, ఒక్కొక్కటి ఒక్కో తీరుది. అమ్మేవాడు ‘కాంబో’ అన్నాడు, ఈయన కొన్నాడు. మంచం మీద పరిస్తే అమ్మమ్మ ఒకటి ఎత్తి, తిరగేసి, నడుము దగ్గరి సందులోకి చెయ్యి పోనిచ్చి కూతురి వైపు చూసింది.

“ఏందే, గింత చెడ్డికి జేబెందుకు? సదివింపుల పైసలు పెట్టుకోనీకా?”

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చేది ఇదొక్కటే. జవాబు చెప్పే దిక్కు లేదు.

బట్ట డైపర్ ఏ పేరుతో వచ్చినా దానికి ఉండే పనులు రెండు: తాగడం, ఆపడం. నూలు, వెదురు నార, హెంప్ మొక్క నార, మైక్రోఫైబర్ తాగేవి. పీయూఎల్ అని రాసి ఉండే బొమ్మల బట్ట ఆపేది. పాలియెస్టర్‌కు పాలియురెథేన్ పొర అతికిస్తే పీయూఎల్. అది చుక్క నీళ్లు తాగదు. పాకెట్ డైపర్‌లో బయట ఈ ఆపే బట్ట, లోపల పిల్లల ఒంటికి తగిలే మెత్తటి పొర, నడుమ ఖాళీ ఉంటాయి. ఆ ఖాళీలోకి ఇన్సర్ట్ అనే తాగే పట్టీని దూర్చాలి. అల్లుడేమో ఇన్సర్టులను మూతి తుడిచే గుడ్డలనుకుని చక్కగా మడిచి అల్మారాలో పెట్టాడు.

ఖాళీ జేబుతో పిల్లగాడు బొంత మీద పడుకున్నాడు. కాసేపటికి బొంత తడిసింది, డైపర్ మాత్రం దాదాపు పొడిగానే ఉంది. ఆపేది ఆపింది, తాగేది లేదు, ఉచ్చ తొడల పక్క నుంచి తన దారి చూసుకుంది.

అల్మారా తెరిచారు. ఈసారి నూలు ఇన్సర్ట్ పెట్టారు, ప్యాకెట్ చింపింది చింపినట్టే. కొత్త నూలులో పుట్టుకతో వచ్చిన మైనం, జిడ్డు ఉంటాయి. నాలుగైదు సార్లు ఉతికి ఆరేస్తే గాని అది కడుపు నిండా తాగదు. హెంప్ నారదీ అదే వరుస. పరీక్షించడం సులువే. చెంచాడు నీళ్లు పోసి చూడండి. చుక్కలు పైనే దొర్లుతుంటే ఇంకా ఉతకాలి. ఆ పరీక్ష పిల్లగాడే చేశాడు, రెండో బొంత మీద.

మైక్రోఫైబర్‌కు ఈ పేచీ లేదు, ఒక్క ఉతుకు చాలు. ఆడబిడ్డ ఎవరో ఆ మాట అనగానే దాన్ని ఒకసారి జాడించి, ఎండలో పడేసి, పాకెట్‌లోకి దూర్చారు. జేబులోకి దూర్చడం వరకు సరైన పనే. మైక్రోఫైబర్ నేరుగా ఒంటికి తగిలితే చర్మంలోని తేమ కూడా లాగేసి ఎర్రగా చేస్తుంది. కానీ దానికి ఇంకో గుణం ఉంది. ఎంత తొందరగా తాగుతుందో, ఒత్తితే అంత తొందరగా కక్కుతుంది.

అప్పుడే మేనమామ వచ్చాడు. కొత్త తెల్ల పంచె. పీట మీద కూర్చుని మేనల్లుణ్ణి ఒడిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఊరుకున్నాడా, ప్రేమకొద్దీ గట్టిగా అదుముకున్నాడు.

మొదటి మరక అక్కడ పడింది. పిండితే నీళ్లు రావడం డైపర్ తప్పు కాదు, ప్రేమ తప్పు. మైక్రోఫైబర్ కింద సన్నని నూలు పట్టీ ఇంకొకటి ఉంటే, పైది కక్కినదాన్ని కిందిది పట్టుకునేది.

రెండో మరక ఎడమ తొడ వైపు. ఈ డైపర్లకు ముందు భాగంలో వరుసలుగా గుండీలుంటాయి. నడుముకు పైవరుస, పొడవు తగ్గించడానికి కిందివరుసలు. పుట్టి మూడు వారాలైన పిల్లగాడికి అన్నిటికంటే పొట్టిగా మడిచి బిగించాలి. అల్లుడు నడుము గుండీలు పెట్టి, కిందివి అలంకారం అనుకున్నాడు. ఎలాస్టిక్ తొడ మీద వేలాడింది. అది ఉండాల్సింది గజ్జ మడతలో. నడుము దగ్గర రెండు వేళ్లు పట్టాలి, తొడ దగ్గర వెలుతురు కనబడకూడదు. ‘పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా ఒకటే సైజు’ అన్న మాటను చీటీ మీద చదివి మురవచ్చు గానీ, పుల్లల్లాంటి ఆ కాళ్లకు మొదటి నెలన్నర అది అంత బాగా పట్టదు.

మూడోది వెతికితే గాని దొరకలేదు. వెనక నడుము దగ్గర లోపలి పొర అంచు వేలెడు బయటికి వచ్చి పిల్లగాడి జుబ్బాకు తగులుతోంది. తడి ఒక బట్ట నుంచి ఇంకో బట్టకు పాకుతుంది, గుండీ ఎంత బిగించినా ఆగదు. జుబ్బా తడిసింది, జుబ్బా కింద పంచె తడిసింది. తొడిగాక అంచుల చుట్టూ వేలు పెట్టి తిప్పి, బయటపడిన బట్టనంతా లోపలికి తొయ్యాలి. అర నిమిషం పని.

“ఏం గాదు తీ, మేనల్లుడే గద” అన్నాడు మేనమామ లేస్తూ. పంచె మార్చుకోవడానికి బావ లుంగీ ఇచ్చాడు. ఫోటోలన్నిటిలో లుంగీయే.

ఆ తర్వాత అమ్మమ్మ చేతిలోకి పోయింది వ్యవహారం. ఆమె పాత నారాయణపేట నూలు చీర చింపింది. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి జిడ్డంతా పోయిన బట్ట, పెట్టిన వెంటనే తాగుతుంది. చదరంగా కోసి మూలగా మడిచి కడితే అదే మనం ఎరిగిన లంగోటి. అంగట్లో దీన్నే ‘ఫ్లాట్’ పేరుతో అమ్ముతున్నారు. ఒకే పొర కాబట్టి గంటలో ఆరుతుంది. నడుమ పొరలు ఎక్కువేసి బొంత కుట్టినట్టు కుడితే ప్రీఫోల్డ్. దాన్ని మూడు మడతలు పెట్టి, ఆపే బట్టతో కుట్టిన కవర్‌లో పరచడమే. కవర్‌కు దొడ్డి అంటకపోతే తుడిచి మళ్లీ వాడొచ్చు, లోపలి గుడ్డ మారిస్తే చాలు. పాకెట్ డైపర్ లాగే గుండీలు, ఎలాస్టిక్ ఉండి ఒళ్లంతా తాగే ఫిటెడ్‌కు కూడా పైన కవర్ తప్పదు. తాగేదీ ఆపేదీ కలిపి కుట్టేసిన ఆల్ ఇన్ వన్ తొడగడానికి హాయి, ఆరడానికి నరకం. వానాకాలంలో రెండు రోజులు తాడు మీదే ఉంటుంది. ఏ తీరుదైనా రెండు గంటలకోసారి చూడాలి.

ఇంతవరకు అమ్మమ్మ మాటకు తిరుగులేదు. ఉతకడం దగ్గర ఆమె కూడా జారింది. బోరు నీళ్లలో సబ్బు రుద్దింది, గుడ్డలు అట్టలయ్యాయి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు కూడా ఉంది. గుడ్డను గట్టిపరిచేది మాత్రం ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం. సబ్బుతో కలిసి తెట్టులా పోగుల్లో ఇరుక్కుంటాయి, ఇక అది తాగదు. సబ్బుబిళ్ల బదులు డిటర్జెంట్ పొడి వాడి, చివరి జాడింపు కృష్ణా నల్లా నీళ్లలో చేస్తే మెత్తబడుతుంది. మెత్తదనం కోసం కండిషనర్ పోస్తే మాత్రం పోగులకు జిడ్డు పట్టి మళ్లీ మొదటికొస్తుంది. ఒళ్లంతా నూనె మర్దన చేసి, తుడవకుండా తొడిగినా అంతే.

అమ్మమ్మ కండిషనర్ పొయ్యలేదు. కాగులో బట్టల సోడా వేసి అన్నిటినీ కలిపి ఉడకబెట్టింది. చీర గుడ్డలు తెల్లగా మెరిశాయి. పీయూఎల్ కవర్ల లోపలి పొర బుడగలు లేచి ఊడింది. వాటిని గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడన ఆరేస్తే చాలు, ఎండ ఇన్సర్టులకు మంచిది.

ఉడికిన కవర్లు పారెయ్యబుద్ధి కాక అల్లుడు బండి సీటు తుడవడానికి తీసుకున్నాడు. ఎంత తుడిచినా సీటు తడిగానే ఉంటోందట. ఉండదా మరి, ఆపే గుణం కాగులో పోయింది, తాగే గుణం వాటికి మొదటి నుంచీ లేదు.