నాలుగు లీటర్ల నీళ్లు తాగితే చర్మం పగలదా?

డిసెంబరు రాగానే కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇదీ: చలికాలంలో చర్మం పొడిబారేది నీళ్లు తక్కువ తాగడం వల్లనే, రోజుకు నాలుగు లీటర్లు తాగితే క్రీములతో పనే లేదు. బాగా వేడి నీళ్లతో స్నానం చేస్తే చర్మరంధ్రాలు తెరుచుకుని మలినాలు పోతాయి. పొట్టు లేచిన చోట నిమ్మరసం, పంచదార కలిపి రుద్దాలి. వాసెలిన్ పెట్రోలు సరుకు కాబట్టి రాస్తే చర్మానికి ఊపిరాడదు, కొబ్బరి నూనె ఒక్కటే చాలు. చివర ‘పదిమందికి పంపండి’ అని కూడా ఉంటుంది.

ముందు నీళ్ల సంగతి. మిగతా తప్పులన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. మన చర్మం పైపొర చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం మాత్రమే ఉంటుంది. మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటే, వాటి మధ్య సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంచుతాయి. ఈ పొరకు రక్తనాళాలు లేవు. కింది పొరల నుంచి నీరు ఊరుతూ వస్తుంది, పైనుంచి ఆవిరై పోతుంది. చలికాలంలో చెడేది ఈ రెండో వైపే. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 10 డిగ్రీల్లో ఆ సామర్థ్యం పది గ్రాములైనా ఉండదు. అలా తేమ తక్కువైన గాలి చర్మంలోని నీటిని త్వరగా లాగేసుకుంటుంది. ఆదిలాబాద్‌లో జనవరి ఉదయాన పిక్కల మీద గోరుతో గీస్తే తెల్లటి గీత పడేది అందుకే. షికాగోలో ఉన్న మనవాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. బయటి చల్లగాలిలో ఉన్నదే కాస్త తేమ. హీటరు ఆ గాలిని వేడి చేస్తుందే గాని దానికి చుక్క నీరు కలపదు. దాంతో ఇంట్లోనే చర్మం ఎండిపోతుంది. ఫోనులో అమ్మ మాత్రం ‘నీళ్లు సరిగ్గా తాగడం లేదు’ అని తేల్చేస్తుంది.

దాహానికి తగినంత తాగే ఆరోగ్యవంతుడు ఇంకో రెండు లీటర్లు తాగితే అవి మూత్రంగా పోతాయి, మోకాలి కిందికి ప్రత్యేకంగా చేరవు. నష్టం లేదు కదా అంటారేమో, ఉంది. డయాలసిస్ చేయించుకునేవారికి, గుండె వైఫల్యం ఉన్నవారికి వైద్యులు రోజువారీ నీటికి కొలత పెడతారు. వాళ్లూ అదే గ్రూపులో ఉంటారు.

వేడి నీళ్ల మాట. చర్మరంధ్రాలకు కండరాలు లేవు, తలుపుల్లా తెరుచుకుని మూసుకోవడం వాటికి చేతకాదు. పొగలు కక్కే నీళ్లు చేసేదల్లా పైన చెప్పిన కొవ్వుల్ని కరిగించుకుపోవడమే. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపు స్నానం చాలు. సబ్బు విషయంలో ఇంకో నమ్మకం కూడా చలామణిలో ఉంది: టీఎఫ్‌ఎం (మొత్తం కొవ్వు పదార్థం) ఎక్కువ ఉన్న సబ్బు చర్మానికి మెత్తన అని. భారతీయ ప్రమాణాల ప్రకారం 76 శాతం ఉంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండు, 60 ఉంటే మూడు. అది సబ్బులో కొవ్వు పదార్థం లెక్క, సౌమ్యతకు కొలత కాదు. ఏ గ్రేడు సబ్బయినా క్షారమే. దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 చుట్టుపక్కల. పొడి చర్మం ఉన్నవారు చంకలు, గజ్జలు, పాదాలకు సబ్బు రాసుకుని మిగతా ఒంటికి నీళ్లతో సరిపెట్టుకోవచ్చు.

నిమ్మరసం, పంచదార గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పగిలిన చర్మం మీద పుల్లటి రసం పోసి గరుకు పలుకులతో గీకడం వైద్యం కాదు. నిమ్మజాతి రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు కమిలి, నెలల తరబడి నల్లమచ్చలు మిగలవచ్చు. అయినా ఆ పొట్టు మురికి కాదు, తేమ లేక లేచిన పైపొర.

ఇక వాసెలిన్. పెట్రోలియం నుంచి వస్తుందన్నది నిజమే. రాబర్ట్ చీస్‌బరో అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు 1872లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అయితే శుద్ధి చేసిన జెల్లీ వేరు, బంకులో పోసే పెట్రోలు వేరు. మనం ఊపిరి పీల్చేది ముక్కుతో, పిక్కలతో కాదు. నీరు ఆవిరి కాకుండా ఆపడంలో ఆ చవక డబ్బాను మించినవి తక్కువ.

కొబ్బరి నూనె మాటలో సగం నిజం ఉంది. అది మంచిదే, ఆ ‘ఒక్కటే చాలు’ అన్నదే చిక్కు. ఇర్విన్ బ్లాంక్ అనే పరిశోధకుడు 1952లోనే చూపించాడు: ఎండిన చర్మపు పైపొర ముక్కల్ని నూనెలో నానబెట్టినా పెళుసుగానే ఉన్నాయి, నీళ్లు తగిలాకే మెత్తబడ్డాయి. నూనె నీటిని ఇవ్వదు, ఉన్న నీటిని పోనివ్వదు. భోగినాడు నూనె పట్టించి సున్నిపిండితో రుద్దేస్తే చాలా భాగం పిండితోనే పోతుంది. పండుగ ముచ్చట కాదనను గాని, స్నానం అయ్యాక తడి పూర్తిగా ఆరకముందే మళ్లీ పలుచగా రాయాలి. కొబ్బరి నూనె బదులు ఆలివ్ నూనె మాత్రం వద్దు, పసిపిల్లలకు అసలే వద్దు. అందులో ఎక్కువగా ఉండే ఓలియిక్ ఆమ్లం పైపొర కొవ్వుల అమరికను చెదరగొడుతుంది. మడమలు బాగా పగిలితే యూరియా ఉన్న క్రీము నూనెకన్నా బాగా పనిచేస్తుంది. అది తేమను పట్టి ఉంచుతుంది, గట్టిపడిన చర్మాన్ని మెత్తబరుస్తుంది.

రెండు మూడు వారాలు ఇలా చేసినా దురద తగ్గకపోతే వైద్యుణ్ని కలవాలి. థైరాయిడ్ మందగించినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా, మధుమేహం ఉన్నా చర్మం ఇలాగే ఎండుతుంది. మధుమేహం ఉన్నవారు మడమల పగుళ్లను రాయితోగాని బ్లేడుతోగాని ముట్టుకోకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి తెగినా తెలియదు, ఆ పుండు ఓ పట్టాన మానదు.